బేరింగ్ మార్చినా ఆగని మోత: కృష్ణలో తిరిగే ఒక స్పీడ్ బోటు కేస్ స్టడీ

బోటు చిన్నదే. ఆరుగురు కూర్చునే ఫైబర్ స్పీడ్ బోటు. లోపల 4.3 లీటర్ల వి6 పెట్రోల్ ఇంజన్, వెనక మెర్‌క్రూజర్ ఆల్ఫా వన్ స్టెర్న్‌డ్రైవ్, అంటే బోటు వెనక వేలాడుతూ ప్రొపెల్లర్‌ను తిప్పే కాలు. విజయవాడలో ప్రకాశం బ్యారేజీకి ఎగువన నిలిచి ఉండే నీళ్లలో, పున్నమి ఘాట్ నుంచి భవానీ ద్వీపం వైపు సందర్శకులను తిప్పుతుంటారు. వేసవి సెలవుల్లో, గిరాకీ బాగా ఉన్న రోజుల్లో నా దగ్గరికి వచ్చింది.

ఓనరు చెప్పిన కంప్లయింట్ సూటిగా ఉంది. "గింబల్ బేరింగ్ పోయింది. కొత్తది తెచ్చిపెట్టాను, వేసి ఇచ్చేయండి, ఆదివారానికి బోటు నీళ్లలో ఉండాలి." బోటు వెనక పలక దగ్గర డ్రైవు షాఫ్ట్‌ను మోసే బేరింగ్ అది. అంతకు ముందే, అదే సీజన్‌లో వేరే వర్క్‌షాపులో ఆ బేరింగ్ రెండుసార్లు మార్చారట. మార్చిన ప్రతిసారీ కొన్నాళ్లు మోత తగ్గేది, మళ్లీ మొదలయ్యేది. బేరింగ్‌లు నాసిరకం అని ఓనరుకు గట్టి అనుమానం. అందుకే ఈసారి ఖరీదైనది తెప్పించాడు.

సరంగు మాత్రం వేరే మాట చెప్పాడు. ఆయనది నదిలో చిన్నప్పటి నుంచి పనిచేసిన చెయ్యి. ఓనరు పక్కకు వెళ్లాక నన్ను పిలిచి, "బేరింగ్ ఒక్కటే కాదు తమ్ముడూ, మొన్న దీవి చుట్టూ తిప్పేటప్పుడు రబ్బరు కాలిన వాసన వచ్చింది. ఇంజన్ ఏమో అరుస్తోంది, బోటు ఏమో ముందుకు పోవట్లేదు. కాసేపు ఆపి మళ్లీ పెడితే నడిచింది" అన్నాడు.

"ఎటు తిప్పితే మోత ఎక్కువ బాబాయ్?"

"రెండు పక్కలా ఉంది. తిన్నగా పోతున్నా ఉంది. ఇదివరకు తిప్పితేనే వచ్చేది."

ఈ కేసులో నాకు దొరికిన మొదటి గట్టి ఆధారం ఈ చివరి మాటే. తిప్పినప్పుడు మాత్రమే మోత వస్తే యూనివర్సల్ జాయింట్ల (షాఫ్ట్ వంగి తిరిగేలా చేసే కీళ్ల) మీద అనుమానం ఎక్కువ పెట్టుకోవాలి. తిన్నగా నడిచేటప్పుడు కూడా వస్తోందంటే, బేరింగ్‌కు విశ్రాంతి లేదన్నమాట. దానిమీద ఎప్పుడూ ఏదో పక్కబలం పడుతూనే ఉంది. ఇక రబ్బరు కాలిన వాసన, ఇంజన్ అరుస్తున్నా బోటు కదలకపోవడం అనేవి కప్లర్, అంటే ఇంజన్‌ను డ్రైవు షాఫ్ట్‌తో కలిపే రబ్బరు ఉన్న ముక్క, జారుతోందనడానికి గుర్తులు.

ఇది సౌకర్యం విషయం మాత్రమే కాదు. బ్యారేజీకి ఎగువన పనిచేసే బోటుకు నీళ్లలో పవర్ పోవడం అంటే ఏమిటో ఇక్కడివాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. 2024 సెప్టెంబరులో 11 లక్షల క్యూసెక్కులు దాటిన వరదలో కొట్టుకొచ్చిన బోట్లు బ్యారేజీ గేట్లను గుద్దుకుని, గేట్లు ఎత్తడానికి సాయపడే కౌంటర్ వెయిట్లను దెబ్బతీశాయి. అవి జనం లేని, కట్లు తెగిన బోట్లు. జనం ఎక్కిన బోటు డ్రైవు పోయి, ప్రవాహం ఉన్న రోజున అలా కొట్టుకుపోతే ఊహించుకోవడానికే భయం వేస్తుంది. సరంగు అడగకుండానే నన్ను పక్కకు పిలిచి చెప్పడానికి కారణం కూడా అదే అనుకుంటాను.

అసలు లోపల ఏముంది

స్టెర్న్‌డ్రైవ్ తెలియనివాళ్ల కోసం కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే ఈ కేసులో జరిగిన పొరపాటంతా దీన్ని లారీలాగా ఆలోచించడం వల్లే వచ్చింది.

ఈ పద్ధతి మార్కెట్‌లోకి వచ్చింది 1959లో, వోల్వో పెంటా ఆక్వామాటిక్ పేరుతో. ఇంజన్ బోటు లోపల, వెనక పలకకు ఆనుకుని కూర్చుంటుంది. ఆ పలకనే ట్రాన్సమ్ అంటాం. పలకకు బయట అవుట్‌బోర్డ్ మోటారు కాలు లాంటి డ్రైవు వేలాడుతుంది. డ్రైవు కుడి ఎడమలకు తిరగాలి, ట్రిమ్ కోసం, అంటే బోటు ముక్కు ఎత్తు సర్దడానికి, పైకీ కిందికీ లేవాలి. ఇంజన్ మాత్రం కదలదు. అందుకని రెండిటి మధ్య యూనివర్సల్ జాయింట్లు పెట్టి, వాటికి నీళ్లు తగలకుండా బెల్లోస్ అనే రబ్బరు తిత్తి తొడుగుతారు.

"యూనివర్సల్ జాయింట్ ఉంది కదా, ఇంజన్ కాస్త అటూ ఇటూ ఉన్నా అదే సర్దుకుంటుంది" అని ఆటోనగర్‌లో చాలామంది మంచి మెకానిక్‌లే నాతో అన్నారు. లారీ ప్రొపెల్లర్ షాఫ్ట్ విషయంలో అది నిజమే. గేర్‌బాక్స్ దగ్గర ఒక జాయింట్, వెనక ఒక జాయింట్ ఉంటాయి కాబట్టి ఎత్తు పల్లాలను అవి తీసుకుంటాయి. స్టెర్న్‌డ్రైవ్‌లో జాయింట్లన్నీ గింబల్ బేరింగ్‌కు బయటి పక్కనే ఉంటాయి. బేరింగ్‌కు లోపలి పక్క, అంటే ఇంజన్ వైపు, ఒక జాయింట్ కూడా లేదు. డ్రైవు నుంచి వచ్చే ఇన్‌పుట్ షాఫ్ట్ గింబల్ బేరింగ్ గుండా దూరి నేరుగా ఇంజన్ ఫ్లైవీల్‌కు బిగించిన కప్లర్‌లోకి, స్ప్లైన్ పళ్లతో వెళ్లి కూర్చుంటుంది. ఆ ముక్క వంగదు. ఇంజన్ సెంటర్, బేరింగ్ సెంటర్ ఒకే గీత మీద లేకపోతే సర్దుకోవాల్సింది ఆ పళ్లు, బేరింగ్, కప్లర్ మధ్యలో అతికించిన రబ్బరు. ప్రతి చుట్టులోనూ అవి నలుగుతాయి. 3500 ఆర్‌పీఎంలో నడిస్తే నిమిషానికి 3500 సార్లు నలుగుతాయి.

గింబల్ బేరింగ్ తన గూటిలో కొద్దిగా తలతిప్పగలదు. దానివల్ల బేరింగ్ ముఖం షాఫ్ట్ వాలుకు తగ్గట్టు మళ్లుతుంది తప్ప, ఇంజన్ ఎత్తు తప్పితే ఆ తప్పును అది మింగలేదు. ఈ తేడా తెలియకనే "సెల్ఫ్ అలైనింగ్ బేరింగ్ కదా" అని ధీమాగా ఉంటారు.

డ్రైవు విప్పాక కనిపించినవి

పెద్ద షాఫ్ట్ బోట్ల మీద పనిచేసినవాళ్లకు అలైన్‌మెంట్ (ఇంజన్‌ను, షాఫ్ట్‌ను ఒకే గీతకు తేవడం) అంటే బోటు నీళ్లలో తేలుతుండగా, రెండిటినీ కలిపే కప్లింగ్ ఫ్లాంజిల మధ్య ఫీలర్ గేజ్ (సందు కొలిచే పలచని రేకు) దూర్చి చూడటం. ఫ్లాంజి వ్యాసంలో అంగుళానికి అంగుళంలో వెయ్యో వంతు లెక్కన తేడాకు అనుమతి. గట్టు మీద ఎంత బాగా కుదిర్చినా, నీళ్లలో దించాక బోటు అడుగు కాస్త వంగుతుంది కాబట్టి వాళ్లు తేలుతున్నప్పుడే చూస్తారు. స్టెర్న్‌డ్రైవ్‌కు ఆ అవకాశం లేదు. డ్రైవు విప్పితే ట్రాన్సమ్‌లో నీటి మట్టానికి కింద పెద్ద రంధ్రం తెరుచుకుంటుంది. పని గట్టు మీదే జరగాలి. అందుకని బోటును ఎలా నిలబెట్టామన్నది ఇక్కడ ముఖ్యం.

ఈ బోటును ట్రాలీ మీద తెచ్చారు. ట్రాలీ రోలర్లు బోటు మధ్యలోనే ఆనుతున్నాయి, ఇంజన్ బరువంతా ఉన్న వెనక భాగం గాలిలో ఉంది. ఇంజన్, డ్రైవు కలిపి నాలుగు క్వింటాళ్ల దరిదాపు బరువు. అలా వేలాడుతున్న బోటు మీద తీసుకున్న కొలత ఏదీ నమ్మదగ్గది కాదు. ట్రాన్సమ్ కింద రెండు పక్కలా, స్ట్రింగర్లు, అంటే అడుగు దూలాలు, వచ్చే చోట కలప దిమ్మెలు పెట్టి బరువు వాటి మీద ఆనేలా చేశాకే పానా చేతికి తీసుకున్నాను.

బ్యాటరీ తీగలు తీసేశాం. ఇంజన్ గది మూతలు తెరిచి పెట్రోల్ ఆవిరి పోయేదాకా ఫ్యాన్ పెట్టాం. ఆల్ఫా డ్రైవు విప్పేముందు గేరు ఫార్వర్డ్‌లో పెట్టాలి, లేకపోతే షిఫ్ట్ కప్లింగ్ అడ్డుపడుతుంది. ట్రిమ్ సిలిండర్ల పిన్నులు లాగి, ఆరు నట్లు విప్పి, డ్రైవును నెమ్మదిగా వెనక్కి లాగాం.

ఇన్‌పుట్ షాఫ్ట్ చివర స్ప్లైన్ పళ్లు ఒక వరసలో మెరుస్తున్నాయి. గ్రీజు పూర్తిగా నల్లబడి పళ్ల మధ్య ఎండిపోయింది. దాన్ని గోటితో గీకి తీసి, తెల్ల గుడ్డ మీద రుద్ది చూస్తే సన్నని రబ్బరు పొడి కనిపించింది. టార్చి వేసి ట్రాన్సమ్ రంధ్రంలోంచి లోపలికి చూస్తే, కప్లర్ రబ్బరు అంచు ఒకచోట లోహం నుంచి విడిపోయి, మధ్య ముక్క తన చోటు నుంచి తిరిగి ఉంది. సరంగు పసిగట్టిన వాసన అక్కడిదే. బెల్లోస్ బాగానే ఉంది, లోపల నీళ్లు లేవు. కాబట్టి బేరింగ్ తుప్పువల్ల పోలేదు.

పాత బేరింగ్ మాట కూడా చెప్పాలి. గ్రీజు నిపుల్ ద్వారా గ్రీజు పట్టించే రకం అది. అలాంటి బేరింగ్ బిగించేటప్పుడు, దాని చుట్టూ ఉండే టాలరెన్స్ రింగులోని తెరిపిని బేరింగ్ మీది గ్రీజు రంధ్రానికి ఎదురుగా ఉంచాలి. ఇక్కడ ఆ తెరిపి పక్కకు తిరిగి ఉంది. నిపుల్ దగ్గర ఎంత గ్రీజు కొట్టినా రింగు వెనకే ఆగిపోయింది, బేరింగ్ లోపలికి ఒక్క చుక్క పోలేదు. ఇది ఒక్కటి చూపించి "ఇదిగో కారణం" అని ఓనరును ఒప్పించడం చాలా తేలిక. నిజంగా తప్పే కూడా. కానీ గ్రీజు అందకపోతే బేరింగ్ పోతుంది కానీ, కప్లర్ రబ్బరు చిరగదు. రెండూ కలిసి చెడ్డాయంటే వాటి వెనక ఇంకొకటి ఉంది.

బార్ చెప్పిన మాట

అలైన్‌మెంట్ బార్ అంటే పొడవాటి, నున్నని, తిన్నని ఉక్కు కడ్డీ. డ్రైవు ఉండాల్సిన చోట నుంచి గింబల్ బేరింగ్ గుండా కప్లర్‌లోకి దూరుస్తాం. దాని కొసకు పళ్లు ఉండవు, గుండ్రంగా ఉంటుంది. కప్లర్ పళ్ల అంచుల మీద సరిగ్గా ఆనే కొలతలో ఉంటుంది. కొంతమంది పాత ఇన్‌పుట్ షాఫ్ట్ ముక్కకు కడ్డీ వెల్డింగ్ చేసి వాడతారు. దయచేసి ఆ పని చెయ్యొద్దు. వెల్డింగ్ వేడికి కడ్డీ ఎంతో కొంత వంగుతుంది, అప్పుడు మీరు కొలుస్తున్నది కడ్డీ వంకరని. ఆటోనగర్‌లో మంచి లేత్ పనివాళ్లు ఉన్నారు. అసలు బార్ నమూనా తీసుకెళ్లి తిరిగించుకుని, డయల్ గేజ్ పెట్టి వంకర లేదని చూసుకుంటే అది వేరే సంగతి.

కొత్త బేరింగ్ బిగించి, తెరిపి రంధ్రానికి ఎదురుగా ఉందని సరిచూసుకుని, బార్ కొసకు పలచగా, సమానంగా గ్రీజు పూశాను. బార్ కప్లర్ మూతి దగ్గరే ఆగిపోయింది. ఇక్కడ సుత్తి తీసుకుని బార్‌ను లోపలికి కొట్టేవాళ్లను చూశాను. బార్‌ను ముందుకు కాదు, బయట మిగిలిన కొసను పైకీ కిందికీ పక్కలకూ రబ్బరు సుత్తితో మెల్లగా తట్టాలి. అప్పుడు బేరింగ్ తన గూటిలో తిరిగి బార్ వాలుకు వస్తుంది. అలా తట్టాక బార్ లోపలికి పోయింది కానీ రెండు చేతులా నెట్టాల్సి వచ్చింది. సరిగ్గా ఉన్న ఇంజన్‌లో రెండు వేళ్లతో నెడితే పోవాలి.

మెల్లగా బయటికి లాగి వెలుతురులో తిప్పి చూశాను. ఒక పక్క గ్రీజులో పళ్ల గాట్లు లోహం కనిపించేంత లోతుగా ఉన్నాయి. ఎదురు పక్క గ్రీజు పూసినట్టే ఉంది. ఆ లోతు గాట్లు సరిగ్గా నిలువునా కాకుండా కొద్దిగా పక్కకు వాలి ఉన్నాయి.

ఇక్కడితో ఆగి ఇంజన్ నట్లు తిప్పడం మొదలుపెట్టకూడదు. బార్ బయటికి తీసి, క్రాంక్ పుల్లీ బోల్టు మీద సాకెట్ పెట్టి ఇంజన్‌ను పావు చుట్టు తిప్పాలి. మళ్లీ గ్రీజు పూసి బార్ దూర్చి గాట్లు చూడాలి. అలా నాలుగు పావు చుట్లలోనూ చూడాలి. ఇంజన్ తిరిగినా గాట్లు బోటు లెక్కన ఒకే దిక్కున పడుతుంటే తప్పు ఇంజన్ కూర్చున్న తీరులో ఉంది. గాట్లు ఇంజన్‌తో పాటు తిరుగుతుంటే కప్లరే వంకరగా ఉంది. ఇలాంటి కేసుల్లో అందరూ వదిలేసే పరీక్ష ఇదే. రెండో రకం తప్పున్న ఇంజన్‌కు ఎన్ని నట్లు తిప్పినా లైన్ కుదరదు.

మా బోటులో రెండూ ఉన్నాయి. ప్రధానమైన లోతు గాట్లు నాలుగుసార్లూ ఒకే దిక్కున పడ్డాయి. దానికి తోడు ఒక పావు చుట్టులో మాత్రం గాట్లు మరికాస్త లోతుగా వచ్చాయి. కప్లర్ మధ్య ముక్క తిరిగిపోయి ఉండటం వల్ల అది. కప్లర్ ఎలాగూ మార్చాలి. ప్రశ్నల్లా ఇంజన్ తన చోటు ఎందుకు తప్పిందన్నదే.

నట్టు తిప్పితే సరిపోయేది, కానీ

ఈ ఇంజన్ వెనక భాగం ట్రాన్సమ్ లోపలి ప్లేటుకు రెండు బోల్టులతో బిగించి ఉంటుంది. అక్కడ ఎత్తు మార్చుకునే ఏర్పాటు లేదు. మార్చుకోవాల్సింది ముందున్న రెండు మౌంటింగుల మీద. లాక్ నట్టు వదులు చేసి అడ్జస్టింగ్ నట్టు తిప్పితే ఇంజన్ ముందు భాగం లేస్తుంది లేదా దిగుతుంది. అలైన్‌మెంట్ అంటే చాలామంది దృష్టిలో ఇంతే. బార్ పెట్టడం, నట్టు తిప్పడం, బార్ ఈజీగా పోతే పని అయిపోయిందనుకోవడం.

రెండు ముందు మౌంటింగులనూ పక్కపక్కన చూస్తే ఒక విషయం కొట్టొచ్చినట్టు కనిపించింది. కుడి పక్క నట్టు కింద మర కొద్దిగానే కనిపిస్తోంది. ఎడమ పక్క అంతకు రెట్టింపు పైనే కనిపిస్తోంది. అంటే ఇదివరకే ఎవరో ఎడమ పక్క నట్టు తిప్పి ఇంజన్‌ను లేపారు. అంత లేపినా స్టీలు స్కేలుతో కొలిస్తే ఇంజన్ బ్రాకెట్ ఎడమ పక్కనే 6 మిల్లీమీటర్లు కిందికి ఉంది. లేపిన ఇంజన్ మళ్లీ దిగింది. రబ్బరు అణిగిందా అని చూస్తే మౌంటింగు రబ్బరు గట్టిగానే ఉంది, ఆయిల్ తగిలి ఉబ్బిన జాడ లేదు.

ఇంజన్ ముందు కొక్కేనికి చైన్ బ్లాక్ తగిలించి బరువు కొద్దిగా తీసుకున్నాం. ఆయిల్ పాన్ కింద జాకీ పెట్టి ఎప్పుడూ లేపకూడదు, పాన్ లోపలికి నొక్కుకుపోతుంది. చైన్ బిగిసేకొద్దీ కుడి మౌంటింగు పాదం స్ట్రింగర్ మీద కదలకుండా ఉంది. ఎడమ మౌంటింగు పాదం మాత్రం దాని స్క్రూలతో సహా పైకి లేచి వచ్చేసింది. స్క్రూ మరల మధ్య గోధుమ రంగు తడి పొట్టు ఇరుక్కుని ఉంది. వేళ్లతో నలిపితే పిండి అయిపోయింది. అది ఒకప్పుడు చెక్క.

స్ట్రింగర్ అంటే బోటు అడుగున పొడవునా వెళ్లే దూలం. చాలా ఫైబర్ బోట్లలో లోపల చెక్క, పైన ఫైబర్ పొర. మౌంటింగు స్క్రూల రంధ్రాలకు సీలింగ్ సరిగ్గా పెట్టకపోతే అడుగున నిలిచిన నీళ్లు, వాన నీళ్లు ఆ రంధ్రాల్లోంచి చెక్కలోకి దిగుతాయి. ఒకసారి దిగిన నీళ్లు ఫైబర్ పొర వల్ల బయటికి పోలేవు. పైకి దూలం కొత్తదానిలా మెరుస్తూ ఉంటుంది, లోపల చివికిపోతుంది. సుత్తి పిడితో స్ట్రింగర్ పొడవునా తట్టుకుంటూ వెళితే కుడి పక్క అంతా ఖంగుమంది. ఎడమ పక్క మౌంటింగు కింద ఒక మూరెడు మేర చప్పగా వినిపించింది. ఆ ముక్క రెండు కొసల్లో, మధ్యలో సన్నని డ్రిల్ వేసి పొట్టు చూశాను. మధ్యలో తడి ముద్ద, కొసల్లో పొడి చెక్క. ఎంత మేర తీసేయాలో దాంతో తేలింది.

ఓనరుతో మాట్లాడటం ఈ మరమ్మతులో కష్టమైన భాగం. ఆయన ముందు రెండు దారులు పెట్టాను. చిరిగిన కప్లర్‌ను అలాగే వదిలేసి, నట్టు ఇంకాస్త తిప్పి, స్క్రూలు పొడవువి వేసి, బేరింగ్ ఒక్కటి మార్చి సాయంత్రానికి బోటు ఇచ్చేయొచ్చు. మోత ఆగుతుంది, ఆదివారం ట్రిప్పులు నడుస్తాయి. ఎంతకాలం అంటే ఆ చెక్క ఇంకో మిల్లీమీటరు దిగేదాకా. రెండో దారిలో ఇంజన్ బయటికి తీయాలి, దూలం కోసి కట్టాలి. సెలవుల గిరాకీలో కొంత పోతుంది.

"మోత లేకపోతే చాలదా అండీ?" అన్నాడు ఆయన.

ఆ తడి పొట్టును ఆయన అరచేతిలో పెట్టి, "నాలుగు క్వింటాళ్ల ఇంజన్, ఆరుగురు మనుషులు దీని మీద ఉన్నారు సార్" అన్నాను. ఆయన చాలాసేపు దాన్ని వేలితో నలుపుతూ నిలబడ్డాడు. తర్వాత ఫోన్ తీసి ఆదివారం బుకింగులు రద్దు చేసుకున్నాడు. డబ్బు పోతుందని తెలిసీ ఆ నిర్ణయం తీసుకున్నందుకు ఆయన మీద నాకు గౌరవం ఉంది.

మరమ్మతు

హైడ్రా క్రేన్ తెప్పించి ఇంజన్ లేపాం. ఇంజన్ బయట ఉండగానే కప్లర్ మార్చాం. ఫ్లైవీల్ వెనక ఉండే ఈ భాగాన్ని ఇంజన్ తీయకుండా మార్చడం కుదరదు కాబట్టి, ఎలా చూసినా ఇంజన్ బయటికి రావాల్సిందే.

దూలం పని గురించి కాస్త ఎక్కువ చెబుతాను, దీని గురించి మన దగ్గర రాసినవాళ్లు తక్కువ. పై ఫైబర్ పొరను గ్రైండర్‌తో మూడు వైపులా కోసి, పెచ్చు ఊడకుండా లేపి పక్కన పెట్టాం. చివికిన చెక్కను పొడి చెక్క తగిలేదాకా, ఆ పైన ఇంకో జానెడు దాకా తీసేశాం. చాలామంది ఇక్కడ హాలోజన్ లైట్లు పెట్టి తడి ఆరబెడతారు. పెట్రోల్ ట్యాంకు ఉన్న బోటులో ఆ పని చేయడం ప్రాణాలతో ఆడుకోవడమే. విజయవాడ ఎండ ఉంది, ఫ్యాన్ ఉంది, అవి చాలు. తడి లేదని నిర్ధారించుకోవడానికి ఆ గాడి మీద పాలిథిన్ కాగితం అంచులు అంటించి రాత్రంతా వదిలేశాం. పొద్దున్నే కాగితం లోపలి పక్క చెమ్మ లేదు.

కొత్త ముక్కకు ఐఎస్ 710 మార్కు ఉన్న మెరైన్ ప్లైవుడ్ వాడాం. ఇళ్లకు వాడే ఐఎస్ 303 ప్లైవుడ్ పైకి ఒకేలా కనిపిస్తుంది, ధర తక్కువ, షాపువాడు "ఇదీ వాటర్‌ప్రూఫే" అంటాడు. షీటు మీద ముద్ర చూసుకుని తీసుకోవాలి. ముక్కలను పొరలుగా ఎపాక్సీతో అతికించి గాడిలో కూర్చోబెట్టాం. ఎపాక్సీ మన మే నెల ఎండలో కలిపిన కాసేపటికే డబ్బాలో పొగలు కక్కి గట్టిపడిపోతుంది. అందుకే పని తెల్లవారుజామున మొదలుపెట్టి, కొంచెం కొంచెంగా, వెడల్పాటి ట్రేలో కలుపుకున్నాం. లోతు డబ్బాలో వేడి నిలిచిపోతుంది, ట్రేలో పరుచుకుంటే వేడి పోతుంది. పైన పాత పెచ్చు మళ్లీ పెట్టి, దాని మీద రెండు పక్కలకూ దిగేలా ఫైబర్ మ్యాట్ పొరలు వేశాం.

మౌంటింగు స్క్రూల రంధ్రాలు మొదట పెద్ద సైజులో వేసి, వాటిని ఎపాక్సీతో పూర్తిగా నింపి, గట్టిపడ్డాక మధ్యలో అసలు సైజు రంధ్రం వేశాం. ఇప్పుడు స్క్రూ చెక్కను తాకదు. స్క్రూ పక్క నుంచి నీళ్లు దిగినా చెక్కను చేరవు.

ఎపాక్సీ పూర్తిగా గట్టిపడేదాకా ఇంజన్ దించలేదు. దించాక వెనక బోల్టులు, వాటి ఫైబర్ వాషర్లు, స్ప్రింగు వాషర్లు మాన్యువల్‌లోని వరసలోనే వేసి బిగించాం. ఆ వాషర్ల వరస మారితే ఇంజన్ వెనక భాగం ఎత్తే మారిపోతుంది, ముందు ఎంత సర్దినా లాభం ఉండదు.

అప్పుడు మళ్లీ బార్. రెండు ముందు నట్లూ ఒకే ఎత్తులో మొదలుపెట్టి, ప్రతిసారీ రెండిటినీ సమానంగా పావు చుట్టు చొప్పున తిప్పుతూ, బేరింగ్‌ను తట్టి సర్దుకుంటూ, గాట్లు ఎటు జరుగుతున్నాయో రాసుకుంటూ వెళ్లాను. ఒక్క పక్క నట్టునే తిప్పితే ఇంజన్ పక్కకు ఒరుగుతుంది, ఒక మౌంటింగు మీదే బరువు పడుతుంది. గాట్లు చుట్టూ సమానంగా, అన్ని పళ్లవీ ఒకే లోతులో పడ్డాక, నాలుగు పావు చుట్లలోనూ చూశాను. బార్ రెండు వేళ్లతో లోపలికి వెళ్లి రెండు వేళ్లతో బయటికి వచ్చింది. లాక్ నట్లు బిగించి మళ్లీ ఒకసారి చూశాను, ఎందుకంటే లాక్ నట్టు బిగించేటప్పుడు కింది నట్టు దానితో పాటు కాస్త తిరిగే అవకాశం ఎప్పుడూ ఉంటుంది.

ఇన్‌పుట్ షాఫ్ట్‌కు కొత్త ఓ రింగులు, పళ్లకు కప్లర్ కోసం ఉండే స్ప్లైన్ గ్రీజు. మామూలు చాసిస్ గ్రీజు ఈ తిప్పుడుకు నిలవదు. డ్రైవు దానంతటదే లోపలికి జరిగి కూర్చుంది. నట్లతో లాక్కుని కూర్చోబెట్టాల్సి వస్తే ఎక్కడో లైన్ తప్పినట్టే. ఆరు నట్లూ 68 న్యూటన్ మీటర్ల టార్క్‌కు బిగించాం.

నీళ్లలో

పున్నమి ఘాట్ దగ్గర బోటు దించాం. సరంగు నడిపాడు, నేను ఇంజన్ గది పక్కన కూర్చుని పొడవాటి స్క్రూడ్రైవర్ కొన గింబల్ హౌసింగు దగ్గర ఆనించి, పిడి చెవికి పెట్టుకున్నాను. నెమ్మదిగా, తర్వాత 3500 దాకా, తిన్నగా, తర్వాత భవానీ ద్వీపం చుట్టూ రెండు వైపులా తిప్పాం. గుర్రపుడెక్క గుంపులున్న చోటు తప్పించుకుని వెళ్లాం. అది ప్రొపెల్లర్‌కు చుట్టుకుంటే వచ్చే అదురు మనం వింటున్న దాన్ని పాడుచేస్తుంది. నీళ్ల హోరు, ఎగ్జాస్టు శబ్దం తప్ప గరగర లేదు. మూత తీసి లోపలికి ముక్కు పెట్టి చూసినా రబ్బరు వాసన లేదు.

"ఇప్పుడు బోటు నా చేతిలో ఉంది" అన్నాడు సరంగు.

కొత్త దూలం మీద బరువు పడి, మౌంటింగు రబ్బర్లు సర్దుకున్నాక లైన్ మళ్లీ చూడాలి. అందుకని వానలు పడి బోట్లు ఆపే సమయానికి డ్రైవు విప్పి బార్ మళ్లీ పెట్టాలని ఓనరుతో మాట తీసుకున్నాను. ఆ తర్వాత ఏటా ఒకసారి, లేదా 100 గంటల నడకకు ఒకసారి, ఏది ముందైతే అది. వరద సమయంలో బోటును గట్టు మీదికి తీసి ఆపేసినప్పుడు అడుగున నీళ్లు నిలవకుండా డ్రెయిన్ ప్లగ్ తీసి ముందు భాగం ఎత్తులో ఉండేలా పెట్టమన్నాను.

జూలైలో బార్ మళ్లీ పెట్టాం. గాట్లు సమానంగానే ఉన్నాయి, ఎడమ మౌంటింగు ఎత్తు మారలేదు. అప్పుడే కుడి పక్క స్క్రూలు విప్పి చూస్తే చెక్క పొడిగా ఉంది కానీ, రంధ్రాలకు సీలింగ్ లేదు. వాటినీ పెద్దవి చేసి ఎపాక్సీతో నింపి మళ్లీ వేశాం.